అడగని సందేహం

కేంద్ర బడ్జెట్ వెలువడిన మరునాడు సివిల్ సర్వీసు పరీక్షకు చదువుతున్న ఏ అభ్యర్థిని కదిలించినా ద్రవ్యలోటు ఎంత శాతమో తడుముకోకుండా చెబుతాడు. అది దేనిలో శాతమని అడిగితే స్థూల దేశీయోత్పత్తిలో అని కూడా చెబుతాడు. ‘లోటు ఉన్నదంటే ఖజానాలో డబ్బు లేదనే కదా, మరి ప్రభుత్వం రహదారులు, రైలు మార్గాలు ఎలా నిర్మిస్తున్నది?’ అని మూడో ప్రశ్న వేస్తే మాత్రం పలువురు మౌనం వహిస్తారు. ఆ మౌనంలో తెలియనితనం కంటే బిడియం పాలు ఎక్కువ. ఇంతకాలం చదివి ఇంత చిన్న విషయం అడిగితే నలుగురూ నవ్విపోతారేమోనన్న జంకు అది. లక్షలాది యువతీ యువకులు ఏళ్ల తరబడి శ్రమించే ఈ పరీక్షలో వారిని వెనక్కు లాగుతున్నవి చదవని పుస్తకాలు కావు, అడగని సందేహాలు.

పరీక్ష స్వరూపమే ఈ సంగతిని చాటుతున్నది. ప్రిలిమినరీలో జనరల్ స్టడీస్ మొదటి పత్రానికి 100 ప్రశ్నలు, 200 మార్కులు. తప్పు సమాధానానికి ఆ ప్రశ్న మార్కులలో మూడో వంతు కోత పడుతుంది. నాలుగు జవాబులలో రెండింటిని తోసిపుచ్చి, మిగిలినవాటిలో ఒకదానిని ఊహించే నేర్పు ఒకప్పుడు ఎంతో కొంత గట్టెక్కించేది. ‘పై వ్యాఖ్యలలో ఎన్ని సరైనవి?’ అన్న తరహా ప్రశ్నలు 2023లో పెద్ద సంఖ్యలో రావడంతో ఆ నేర్పు అక్కరకు రాలేదు. మూడు వ్యాఖ్యలలో ఒక్కదానిపై అనుమానం మిగిలినా లెక్క తారుమారవుతుంది. 2013లో సంస్కరించిన మెయిన్స్‌లో ఒక్కొక్కటి 250 మార్కుల చొప్పున నాలుగు జనరల్ స్టడీస్ పత్రాలు ఉన్నాయి. అక్కడ నిర్వచనం అప్పజెప్పితే చాలదు. కారణం చెప్పాలి, హద్దులు చూపాలి, మంచిచెడులు తూచాలి.

లోటు వెనుక లెక్క

పై మూడో ప్రశ్ననే తీసుకుందాం. 2025-26 బడ్జెట్ అంచనాల ప్రకారం కేంద్రం చేయదలచిన మొత్తం వ్యయం సుమారు 50.65 లక్షల కోట్ల రూపాయలు. అప్పులు మినహాయించి వచ్చే రాబడి సుమారు 34.96 లక్షల కోట్లు. ఈ రెండింటి వ్యత్యాసం 15.69 లక్షల కోట్లే ద్రవ్యలోటు, జీడీపీలో 4.4 శాతం. అంటే లోటు అన్నది ఖాళీ అయిన ఖజానా కాదు, ఆ ఏడాది ప్రధానంగా అప్పుల ద్వారా సమకూర్చుకోవలసిన మొత్తం. రహదారి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం అందులోనే ఉన్నది.

అదే బడ్జెట్‌లో పాత అప్పులపై వడ్డీ చెల్లింపులు 12.76 లక్షల కోట్లు. ద్రవ్యలోటు నుంచి దీనిని తీసివేస్తే మిగిలే 2.93 లక్షల కోట్లు ప్రాథమిక లోటు. మరో మాటలో చెప్పాలంటే, కొత్తగా చేసే ప్రతి 100 రూపాయల అప్పుకు పాత అప్పుల వడ్డీ 81 రూపాయలు. ఇక రెవెన్యూ లోటు 5.24 లక్షల కోట్లు. అంటే అప్పులో దాదాపు మూడో వంతు జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీల వంటి రోజువారీ ఖర్చులకే పోతున్నదన్న మాట. అప్పు చేసి పప్పుకూడు తినడం ఏ మేరకు జరుగుతున్నదో తెలిపేది ఈ లెక్కే. ఎంత అప్పు? అందులో గతం మోపిన భారమెంత? తిండికి పోయేదెంత? మూడు లోట్లు మూడు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. ఈ విధంగా అర్థం చేసుకున్నవాడు నిర్వచనాలను కంఠస్థం చేయనవసరం లేదు. మరచిపోవడం కూడా సాధ్యం కాదు.

భావనకు ఒక చరిత్ర ఉంటుందని గుర్తిస్తే మరికొన్ని చిక్కులు విడిపోతాయి. పాత పుస్తకాలలో ‘బడ్జెట్ లోటు’ అనే మాట కనిపిస్తుంది. నేటి బడ్జెట్ పత్రాలలో అది లేదు. పూర్వం మార్కెట్ నుంచి తెచ్చిన అప్పును కూడా రాబడిగానే లెక్కించి, ఆపైన మిగిలిన తేడాను మాత్రమే లోటుగా చూపేవారు. ఆ తేడాను పూడ్చడానికి ప్రభుత్వం ప్రధానంగా రిజర్వు బ్యాంకుకు తాత్కాలిక ట్రెజరీ బిల్లులు జారీచేసి నిధులు తెచ్చుకునేది. ఈ లెక్కింపులోని లోపాన్ని 1985లో సుఖమయ్ చక్రవర్తి కమిటీ ఎత్తిచూపింది. 1991 సంక్షోభంతో ద్రవ్యలోటు చర్చకు కేంద్రబిందువయింది. 1997 ఏప్రిల్ నుంచి తాత్కాలిక బిల్లుల పద్ధతి రద్దయింది. బడ్జెట్ లోటు అన్న లెక్కా దానితోపాటే నిష్క్రమించింది. 2003లో ఆర్థిక క్రమశిక్షణ చట్టం వచ్చింది. ఈ క్రమం తెలియని విద్యార్థి పాత పుస్తకానికీ కొత్త పుస్తకానికీ పొంతన కుదరక తనకే ఏదో తెలియదని కుమిలిపోతాడు. వాస్తవానికి అతని సందేహం సహేతుకమైనదే; సమాధానం చెప్పే చరిత్రే అతనికి అందలేదు.

ద్రవ్యోల్బణం విషయంలోనూ ఇంతే. 7 శాతం ఉన్న ద్రవ్యోల్బణం మరుసటి ఏడాది 4 శాతానికి దిగివచ్చిందన్న వార్త చదివి, బజారులో ఏ ధరా తగ్గలేదేమని సామాన్యుడు విస్తుపోతాడు. అతని పరిశీలన సరైనదే. ధరల సూచీ 100 నుంచి మొదటి ఏడాది 107కు, రెండో ఏడాది 111.28కి చేరింది. తగ్గింది ధర కాదు, పెరుగుదల వేగం. టోకు ధరల సూచీలో సేవలకు తావు లేదన్న సంగతి కూడా తెలిస్తే, ఆ సూచీ చల్లబడినప్పుడు సైతం వైద్యుని ఫీజు, బడి ఫీజు, ఇంటి అద్దె ఎందుకు చల్లబడవో బోధపడుతుంది. రిజర్వు బ్యాంకు 2014 నుంచి వినియోగదారుల ధరల సూచీని ప్రామాణికంగా ఎంచుకోవడంలో, 2016లో చట్టాన్ని సవరించి 4 శాతానికి అటూ ఇటూ 2 శాతం పరిధితో లక్ష్యం నిర్దేశించడంలో ఉన్న తర్కం అప్పుడు తేటతెల్లమవుతుంది.

మాట ఒకటి, అర్థాలు రెండు

తెలుగులో చదివే అభ్యర్థికి ఇవి చాలవన్నట్లు మరో చిక్కు ఉన్నది. ఆంగ్లంలో ఫిస్కల్, మానిటరీ అనేవి రెండు వేర్వేరు మాటలు. మొదటిది ప్రభుత్వ ఆదాయ వ్యయాలకు, రెండోది రిజర్వు బ్యాంకు నియంత్రించే డబ్బు సరఫరాకు, వడ్డీ రేట్లకు సంబంధించినది. మన పాఠ్యగ్రంథాలు వీటిని కోశ విధానం, ద్రవ్య విధానం అని వేరుచేశాయి. పత్రికలు మాత్రం కోశ లోటు అనవలసిన చోట ద్రవ్యలోటు అనే రాస్తున్నాయి. ఈ వ్యాసం కూడా ఆ అలవాటునే పాటించింది. ఇక కొందరు విత్తలోటు అంటారు. ద్రవ్యలోటు, ద్రవ్య విధానం, ద్రవ్యోల్బణం ఒకే కుటుంబానికి చెందినవని తలచి, లోటును రిజర్వు బ్యాంకు తగ్గించాలని జవాబు రాసే విద్యార్థిని తప్పుపట్టే అర్హత మనకున్నదా?

బ్యాంకుల వార్తలలోనూ ఇదే గందరగోళం. రైతుకు అప్పు మాఫీ చేయడం, బ్యాంకు తన పద్దులలో మొండి బకాయిని తొలగించడం ఒకటి కావు. మొదటి దానిలో రైతు బాధ్యత తీరిపోతుంది. రెండో దానిలో బ్యాంకు తన లెక్కలను సరిచేసుకుంటుందే తప్ప బాకీదారు బాధ్యత తీరదు, వసూలు ప్రయత్నం ఆగదు. రెండింటినీ ‘రుణాల రద్దు’ అనే శీర్షిక కింద రాస్తే పాఠకుడు ఏమని గ్రహించాలి?

రాజ్యాంగంలోని 110వ అధికరణం ద్రవ్య బిల్లును, 117వ అధికరణం ఆర్థిక బిల్లులను వివరిస్తాయి. వీటి మధ్య గీత ఎక్కడున్నదో తెలియదని సిగ్గుపడవలసిన పని లేదు. ఆధార్ చట్టాన్ని 2016లో ద్రవ్య బిల్లుగా ఆమోదించడం చెల్లుతుందా అన్నదానిపై 2018లో సుప్రీం కోర్టు న్యాయమూర్తులే ఏకాభిప్రాయానికి రాలేదు. మెజారిటీ సమర్థించగా ఒకరు విభేదించారు. ద్రవ్య బిల్లు నిర్వచన ప్రశ్నను 2019లో సర్వోన్నత న్యాయస్థానం విస్తృత ధర్మాసనానికి నివేదించింది. న్యాయకోవిదులకు వచ్చిన సందేహం విద్యార్థికి వస్తే అది మందబుద్ధి కాదు, సరైన చోట తట్టిన ఆలోచన.

కొఠారీ కమిటీ సిఫార్సుల ఫలితంగా 1979 నుంచి మెయిన్స్‌ను భారతీయ భాషలలో రాసే అవకాశం లభించింది. ప్రిలిమినరీ ప్రశ్నపత్రం మాత్రం ఇప్పటికీ ఆంగ్లం, హిందీలలోనే ఉంటున్నది. బడ్జెట్ పత్రాలు, ఆర్థిక సర్వే కూడా ఆ రెండు భాషలలోనే వెలువడుతున్నాయి. తెలుగు మాధ్యమ అభ్యర్థి మొదట మాటను, తర్వాత భావాన్ని, రెండు మెట్లుగా ఎక్కవలసి వస్తున్నది. అయినా శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఒక ఉపాధ్యాయుడు 2016 పరీక్షలో జాతీయ స్థాయిలో మూడో ర్యాంకు సాధించడం, భాష అడ్డుగోడ కానవసరం లేదని రుజువు చేసింది. అయితే ఒకరు గోడ దూకారు కనుక గోడ లేదనడం న్యాయం కాదు.

ఎవరిని అడగాలి?

ఢిల్లీలోని రాజేంద్రనగర్‌లోనైనా, హైదరాబాద్‌లోని అశోక్‌నగర్‌లోనైనా వందల మంది కిక్కిరిసిన హాలులో చివరి వరుస కుర్రవాడు చేయి ఎత్తి ప్రశ్న అడిగే వాతావరణం అరుదు. పాఠం ముగియాలి, సిలబస్ పూర్తి కావాలి. అతడు బయటకు వచ్చి జిరాక్స్ కేంద్రంలో మరో నోట్సు కొంటాడు. ఒక పుస్తకంలో తీరని సందేహానికి మరో మూడు పుస్తకాలు తోడవుతాయి. ఇంత విశాలమైన సిలబస్‌లో ప్రతి సందేహాన్నీ వెంటాడే తీరిక ఎక్కడిదని అభ్యర్థులు అనడం కద్దు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే సందేహాలన్నీ ఒక జాతివి కావు. ఒక పథకం ఏ సంవత్సరంలో మొదలయిందన్నది సమాచారం. తెలియకపోతే ఒక ప్రశ్న పోతుంది. లోటు అంటే ఏమిటన్నది భావన. తెలియకపోతే దానిపై ఆధారపడిన పది ప్రశ్నలు పోతాయి. మొదటి దానిని వదిలివేయవచ్చు, రెండో దానిని వదలరాదు.

భావనకు సంబంధించిన సందేహాన్ని సొంత మాటలలో ఒక వాక్యంగా రాసుకోవడం తొలి పని. స్పష్టంగా రాయగలిగితే సగం చిక్కు అక్కడే వీడుతుంది. పిమ్మట ఆ భావన పుట్టిన చోటికి వెళ్లాలి. చట్టమైతే అధికరణం దగ్గరకు, లోటు అయితే బడ్జెట్ పత్రాల దగ్గరకు, పునాది అంశమైతే ఎన్సీఈఆర్టీ 11, 12 తరగతుల పుస్తకాల దగ్గరకు. చిన్న అంకెలతో ఒకసారి లెక్క వేసి చూడాలి. చివరగా, ఈ పరీక్షతో సంబంధం లేని తండ్రికో, పొరుగింటి దుకాణదారుకో దానిని చెప్పి చూడాలి. వారు అడిగే ఎదురు ప్రశ్నను మించిన పరీక్ష లేదు. 1972 సివిల్ సర్వీసు పరీక్షలో ప్రథముడిగా నిలిచిన దువ్వూరి సుబ్బారావు కళాశాలలో చదివింది భౌతికశాస్త్రం. ఆర్థికశాస్త్రాన్ని అనంతరం అభ్యసించిన ఆయనే 2008 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేశారు. పరాయి శాస్త్రమని జంకేవారు గమనించదగిన విషయమిది.

ఇది కేవలం మార్కుల వ్యవహారం కాదు. నేటి అభ్యర్థి రేపటి అధికారి. ఒక కార్పొరేషన్ తీసుకునే రుణానికి ప్రభుత్వ హామీ ఇచ్చే ఫైలు అతని బల్ల మీదికి వస్తుంది. అది బడ్జెట్‌లో కనబడదు కనుక అప్పే కాదని నమ్మి సంతకం చేస్తే, ఆ భారం ఏదో ఒకనాడు ఖజానా మీదనే పడుతుంది. రాష్ట్ర బడ్జెట్ నుంచి అసలు, వడ్డీ చెల్లించే ఇటువంటి అప్పులను రాష్ట్రాల రుణ పరిమితిలోనే లెక్కించాలని 2022లో కేంద్రం నిర్ణయించడానికి కారణం ఇదే. 2022లో శ్రీలంక విదేశీ రుణాల చెల్లింపులు నిలిపివేసినప్పుడు మన దేశానికీ అదే గతి అని కలవరపడినవారు ఎందరో. మన ప్రభుత్వ రుణంలో అత్యధిక భాగం దేశంలోని బ్యాంకులు, బీమా సంస్థల వంటి వాటికి రూపాయలలో చెల్లించవలసినదే. ఈ భేదం తెలిసిన అధికారి అనవసరంగా భయపడడు, అకారణంగా ధీమా పడడు.

కనుక ఈ బాధ్యత ఒక్క విద్యార్థిది కాదు. శిక్షణ సంస్థలు పాఠానికి ఎంత సమయం కేటాయిస్తున్నాయో ప్రశ్నలకూ కొంత కేటాయించాలి. 1968లో పి.వి. నరసింహారావు తొలి అధ్యక్షులుగా ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదాలకు బాట వేసింది. ఆ పదాలను కాలానుగుణంగా సవరించి, పత్రికలు, పాఠ్యగ్రంథాలు, ప్రభుత్వ ప్రకటనలు ఒకే మాటను ఒకే అర్థంలో వాడేలా చూడవలసిన తరుణం ఏనాడో వచ్చింది. ముందుగా పత్రికలే ఆ పనికి పూనుకోవాలి.

ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. ఒక సంవత్సరం నియమంతో గడిపి, ఆపైన తోచిన ప్రశ్నలు అడగమంటాడాయన. తనకు తెలిస్తే చెబుతానని కూడా అంటాడు. అడిగేవానికి శ్రమ, చెప్పేవానికి వినయం ఉండాలన్నది ఆ కథలోని సారం. పరీక్షలో నెగ్గేవారు కొందరే. కానీ సందేహాన్ని దాచుకోకుండా తీర్చుకోవడం అలవరచుకున్నవారు, ఫలితాల జాబితాలో పేరు లేకపోయినా, బడ్జెట్‌ను చదివి ప్రభుత్వాన్ని ప్రశ్నించగల పౌరులుగా మిగులుతారు. ఏళ్ల తరబడి చేసిన శ్రమలో ఆ భాగం ఎన్నటికీ వృథా పోదు.