బల్లకు అవతల ఎవరున్నారు?

"పెద్ద డాక్టరుగారే చేస్తారు కదండీ? ఆ పిల్లల చేత చేయించరు కదా?"

సర్జరీ వార్డులో ముప్పై ఏళ్లు ఈ మాట విన్నాను. అడిగిన ప్రతి తల్లి భయమూ నాకు అర్థమవుతుంది. కానీ ఆ భయానికి చదువుకున్నవాళ్లే వంతపాడుతూ, 'బోధనాసుపత్రికి వెళ్తే పీజీలు మన మీద చేయి తిప్పుకుంటారు' అని చెప్పుకు తిరగడాన్ని మాత్రం ఒప్పుకోను. ఆ మాట తప్పు.

అమెరికాలో అనేక ఆసుపత్రుల ఆపరేషన్ వివరాలు ఒకచోట చేర్చి చేసిన విశ్లేషణ 2011లో వెలువడింది. శిక్షణలో ఉన్న సర్జన్లు పాలుపంచుకున్న కేసుల్లో ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు కొద్దిగా ఎక్కువే. దాన్ని దాచనక్కర్లేదు. మరణాలు మాత్రం పెరగలేదు సరికదా, కాస్త తగ్గాయి.

ఇక 'సీనియర్' అనే మాటే పెద్ద భరోసా అనుకునేవారికి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జరిగిన ఒక అధ్యయనం గురించి చెప్పాలి. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్ల వీడియోలను తోటి సర్జన్లే చూసి మార్కులు వేశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. చేతి నైపుణ్యంలో అట్టడుగున నిలిచినవారి రోగుల్లో 14.5 శాతం మందికి ఇబ్బందులొస్తే, పైనున్నవారి రోగుల్లో 5.2 శాతం మందికే వచ్చాయి. వీళ్లంతా సొంతంగా ప్రాక్టీసు చేస్తున్న సర్జన్లే, శిక్షణలో ఉన్నవాళ్లు కారు. హోదా ఒక్కటే రోగిని కాపాడదు.

మరేది కాపాడుతుంది? ఒక హెర్నియా కేసు చెబుతాను. రెండో ఏడాది పీజీ అమ్మాయి కత్తెరతో పొర తెరుస్తోంది. ఆ పొర కిందే సన్నటి దారంలా నరం ఉంటుంది. తెగితే గజ్జలో తిమ్మిరి, కుట్టులో ఇరుక్కుంటే ఏళ్ల తరబడి నొప్పి. కత్తెర మొన అటు మళ్లకముందే "ఆగమ్మా" అన్నాను. ఫోర్సెప్స్‌తో పొరను కాస్త ఎత్తి పట్టాను. ఆమె నరాన్ని గుర్తుపట్టి, పక్కకు తప్పించి, ముందుకు సాగింది. నేను చేస్తే నలభై నిమిషాల్లో అయ్యేది, ఆ రోజు గంట దాటింది. ఆ గంటసేపూ బల్ల మీది రైతును రెండు జతల కళ్లు కాచాయి.

అసలు ప్రమాదం ఆ రెండో జత కళ్లు లేనప్పుడే. అర్ధరాత్రి రెండు గంటలకు పేగు చిల్లుపడిన రోగితో పీజీ ఒంటరిగా థియేటర్‌లో, పర్యవేక్షించాల్సినవారు ఫోన్‌లో ఉంటే, అది శిక్షణ కాదు, నిర్లక్ష్యం. మన కోపం అక్కడికి మళ్లాలి. 'పిల్లల చేత వద్దు' అన్న గొడవలో ఆ తప్పు చేసినవారు తేలిగ్గా తప్పించుకుంటున్నారు.

ఇంకో మాట. కార్పొరేట్ ఆసుపత్రుల్లో మనం ఏరికోరి వెతుక్కునే పెద్ద డాక్టర్లలో ఎంతోమంది ఉస్మానియాలోనో, గాంధీలోనో, కేజీహెచ్‌లోనో పేదల ఒంటి మీద పని నేర్చుకున్నవారే. ఆ పేదల రుణం తీరాలంటే నేర్పడం ఆపకూడదు. నేర్పుతున్నంతసేపూ పక్కనుండాలి. ఎవరు చేస్తారో, ఎవరు చూస్తారో రోగికి ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి.

కాబట్టి ఈసారి కేస్ షీట్‌లో ఆపరేషన్ చేసినవారి పేరు దగ్గరే ఆగకండి. దగ్గరుండి చూసినవారి పేరు వెతకండి. అది ఖాళీగా ఉంటే అప్పుడు నిలదీయండి. మీ వెనుక నేనూ నిలబడతాను.