బంకుకు ఉన్న రిజర్వేషన్ ఛార్జింగ్ స్టేషన్‌కు ఎందుకు లేదు?

పెట్రోల్ బంకు డీలర్‌షిప్‌లలో ఎస్సీ, ఎస్టీలకు కలిపి 22.5 శాతం, ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రభుత్వ రంగ చమురు కంపెనీలు కొత్త బంకులకు ప్రకటన ఇచ్చినప్పుడు ఏ ప్రాంతంలోని బంకు ఏ వర్గానికో అందులోనే రాస్తాయి. ఇప్పుడు అదే రోడ్డు పక్కన, ప్రభుత్వ సబ్సిడీతో, విద్యుత్ వాహనాల ఛార్జింగ్ స్టేషన్ వస్తోంది. దానికి అలాంటి కేటాయింపు ఏదీ లేదు. ఉన్నదాన్ని ఎవరూ రద్దు చేయలేదు, కోర్టు కొట్టేయలేదు. ఇంధనం మారింది, ఆ మార్పులో హక్కు జారిపోయింది. అంతే.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో ఈ ప్రశ్న ఏ రూపం తీసుకుంటుందో చూడటం అవసరం. తెలుగువాళ్లకు బిలాస్‌పూర్ పరాయి ఊరేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర మనుషులు అక్కడి రైల్వే కాలనీల్లో బతుకుతున్నారు. విశాఖలో కోర్బా రైలెక్కితే దారిలో తగిలే పెద్ద జంక్షన్ అది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రమైంది. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయమూ అక్కడే. జిల్లాలోని సీపత్‌లో ఎన్టీపీసీ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,980 మెగావాట్లు. బొగ్గూ ఇక్కడిదే, కరెంటూ ఇక్కడిదే. కొరత ఉన్నది ఆ కరెంటును అమ్ముకునే అవకాశంలోనే. 2011 జనగణన నాటి బిలాస్‌పూర్ జిల్లాలో ఐదింట ఒక వంతు మంది షెడ్యూల్డ్ కులాలవాళ్లు, వాళ్లలో ఎక్కువమంది గురు ఘాసీదాస్ వారసులైన సత్నామీలు. కాన్షీరామ్ 1984లో లోక్‌సభకు పోటీచేసిన జాంజ్‌గీర్ పక్కనే ఉంది.

పల్లెల్లో ఛార్జింగ్ స్టేషన్ ఎక్కడ పెట్టాలన్న చర్చ మామూలుగా ఇంజనీర్ల భాషలో సాగుతుంది. జాతీయ రహదారి ఎంత దూరం, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత లోడు మోస్తుంది, కార్లు ఆగడానికి చోటు ఉందా. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు హైవేల మీద ప్రతి 25 కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలన్నాయి. ఆ కొలబద్ద తీసుకుని బిలాస్‌పూర్ నుంచి కట్‌ఘోరా వైపు 130వ నంబరు రహదారి మీద కొలిస్తే సరిగ్గా రతన్‌పూర్ వస్తుంది. అక్కడ మహామాయ గుడి ఉంది, కార్లలో వచ్చే భక్తులున్నారు. లెక్క కుదిరిపోయింది. చాంపా వైపు వెళ్లే 49వ నంబరు రహదారి మీద మస్తూరి ఉంది, అది ఎస్సీ రిజర్వుడ్ అసెంబ్లీ స్థానం. ఆ దారిలోనూ కొలత రోడ్డు వెంటే నడుస్తుంది. రోడ్డు దిగి ఊళ్లోకి, ఊరు దాటి సత్నామీ పాడాలోకి పోదు. గ్రామీణ ఛార్జింగ్ స్టేషన్ అనే మాటలో గ్రామం చిరునామాగా మాత్రమే మిగిలే ప్రమాదం ఉంది.

అసలు మెలిక 2018 ఏప్రిల్‌లో పడింది. బ్యాటరీ ఛార్జింగ్ అనేది సేవ, కరెంటు అమ్మకం కాదు, కాబట్టి 2003 విద్యుత్ చట్టం కింద లైసెన్సు అక్కర్లేదని కేంద్రం తేల్చింది. 2024లో కొత్త మార్గదర్శకాలు వచ్చినా ఆ సూత్రం అలాగే ఉంది. ఎవరైనా స్టేషన్ పెట్టుకోవచ్చు. వినడానికి ఇంతకంటే సమానత్వం ఏముంటుంది? కానీ పెట్టుకోవాలంటే హైవే పక్కన జాగా కావాలి. జాగా లేనివాడు లీజుకు తీసుకోవాలి. లీజు ఇచ్చే ఆసామికి అడిగినవాడి కులం ముందే తెలుసు. స్టాండప్ ఇండియా కింద ఎస్సీ, ఎస్టీలకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పు ఇవ్వాలని 2016 నుంచి 2025 మార్చి దాకా పథకం ఉండేది. బ్యాంకు మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న స్థలం ఎక్కడన్నదే. లైసెన్సు ఉన్నచోట కోటా అడగవచ్చు. లైసెన్సే లేనిచోట కోటాను దేనికి తగిలించాలి?

చమురు కంపెనీలకు ఈ ఇబ్బంది తెలుసు. అందుకే కార్పస్ ఫండ్ అనే ఏర్పాటు వచ్చింది. ఎస్సీ, ఎస్టీ డీలరుకు స్థలం, పంపులు కంపెనీయే సమకూర్చి, నడపడానికి పెట్టుబడి అప్పుగా ఇచ్చి, అమ్మకాల మీద వచ్చే ఆదాయంలోంచి వాయిదాల్లో తీసుకునే పద్ధతి అది. భూమి లేని మనిషిని భూమి తెచ్చుకోమనడం అన్యాయమని ఒప్పుకున్న విధానం. దాంట్లో బినామీల బెడద ఉంది, కాదనడం లేదు. బోర్డు మీద దళితుడి పేరు, గల్లాపెట్టె దగ్గర ఇంకొకడు ఉన్న బంకులు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. బినామీ ఉందని రిజర్వేషన్ వద్దనేవాళ్లు, బినామీ భూములున్నాయని భూమి పట్టాలు వద్దన్నారా?

ఇక స్థలం. ప్రైవేటు జాగా దొరక్కపోతే ప్రభుత్వ ఖాళీ స్థలం ఉందిగా అంటారు. ఈ ఖాళీ అనే మాట దగ్గర ఆగాలి. మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్‌కు వారసత్వంగా వచ్చిన 1959 భూ రెవెన్యూ కోడ్‌లో 237వ సెక్షన్ ఉంది. ఊరి ఉమ్మడి అవసరాలకు, అక్కడి మాటలో నిస్తార్‌కు, కలెక్టర్ స్థలాలు కేటాయించాలని చెబుతుంది. ఏయే అవసరాలకో జాబితా కూడా ఉంది. పశువుల మేత, శ్మశానం, కళ్లం, సంత, ఎరువు గుంటలు. వాటి మధ్య ఇంకొకటి ఉంది: చచ్చిన పశువుల తోలు తీసే స్థలం. చట్టం కులం పేరు ఎత్తకుండానే కులానికి జాగా కొలిచి ఇచ్చిన చోటు అది. ఆ స్థలం ఊళ్లో ఎవరి ఇళ్ల పక్కన ఉంటుందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఆ పని మానేసిన కుటుంబాలకు అదే ఇప్పుడు పిల్లలు ఆడుకునే చోటు, పిడకలు ఆరబెట్టుకునే చోటు, పెళ్లి పందిరి వేసుకునే చోటు కావచ్చు. రికార్డులో మాత్రం వాడుకలో లేని ప్రభుత్వ భూమి. రోడ్డుకు దగ్గరగా ఉంటే తహసీల్దారు వేలు ముందు దానిమీదే పడుతుంది. దళితులను ఒకప్పుడు తోసేసిన చోటి నుంచే, దాని విలువ పెరిగాక, మళ్లీ తోసేయడం సులువు.

ప్రభుత్వ భూమిని ఛార్జింగ్‌కు ఇస్తే యూనిట్‌కు ఒక రూపాయి చొప్పున భూమి యజమానికి వాటా ఇవ్వాలని 2022 మార్గదర్శకాలు చెప్పాయి. ప్రైవేటు సంస్థలకు వేలంలో ఆ రూపాయే కనీస ధర. రోజుకు 200 యూనిట్లు అమ్ముడైతే ఏడాదికి 73,000 రూపాయలు. గ్రామ పంచాయతీకి అది చిన్న మొత్తం కాదు. అయితే రికార్డు ప్రకారం భూమి సర్కారుదైనప్పుడు ఆ రూపాయి రాయ్‌పూర్ ఖజానాకు పోతుందా, ఊరికి వస్తుందా, వస్తే ఏ వాడలో ఖర్చవుతుంది? అనంతపురం సరిహద్దు పక్కన కర్ణాటకలోని పావగడలో సోలార్ పార్కు వచ్చినప్పుడు ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలు భూమి ఉన్నవాళ్లకు అందింది. ఆ చేలల్లో కూలికి పోయే భూమిలేని కుటుంబాలకు కౌలూ లేదు, కూలీ పోయింది. పచ్చ పరిశ్రమ కూడా పాత భూమి లెక్కల మీదే కూర్చుంటుందని అక్కడే చూశాం.

ఛార్జర్ ఎవరికోసమన్నది ఇంకో ప్రశ్న. పల్లెకూ పట్నానికీ మధ్య మనుషులను మోసేది ఈ-రిక్షా. దాని లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 5 యూనిట్లు పడుతుంది, రాత్రంతా పెడితే ఎక్కుతుంది, ఒక కిలోవాట్ లోడు చాలు. ఒక కారు కోసం పెట్టే 60 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జర్ లోడులో అరవై ఈ-రిక్షాలు పడుకుని లేస్తాయి. తేలిక వాహనాల కోసం 3 కిలోవాట్ల లోపు చవక ఛార్జింగ్ పాయింటుకు 2021లోనే జాతీయ ప్రమాణం తయారైంది, ధర 3,500 రూపాయల లోపు ఉండాలన్నది లక్ష్యం. అలాంటివి ఇరవై వాడలో పెట్టడమా, హైవే మీద ఒక ఫాస్ట్ ఛార్జర్ పెట్టడమా అన్నది సాంకేతిక నిర్ణయంలా కనిపించే రాజకీయ నిర్ణయం. హైవే స్టేషన్ వద్దని మా వాదన కాదు. దానికి మాత్రమే సబ్సిడీ దొరికి, రిక్షావాడు అద్దె గ్యారేజీలో సొంత డబ్బుతో ఛార్జింగ్ పెట్టుకునే పరిస్థితి వద్దంటున్నాం.

గ్రామసభకు వదిలేస్తే సరిపోతుందని పర్యావరణ మిత్రులు అంటారు. జిల్లాకు ఉత్తరాన పెండ్రా, గౌరెలా ఐదో షెడ్యూల్ ప్రాంతాలు. అక్కడ 1996 పెసా చట్టం, 2022లో వచ్చిన ఛత్తీస్‌గఢ్ పెసా నియమాలు ఆదివాసీ గ్రామసభకు మాట ఇచ్చాయి, ఆ మాటను నిలబెట్టుకోవాలి. మైదానంలో దళితులకు ఐదో షెడ్యూల్ లేదు. మస్తూరి గ్రామసభలో చేయి ఎత్తే కూలీ, మర్నాడు పనికి వెళ్లాల్సింది ఎదురుగా కూర్చున్న ఆసామి పొలానికే. బాబాసాహెబ్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని ఎందుకు తిరస్కరించారో గుర్తుంచుకోవాలి. గ్రామసభ తీర్మానం ఉండాలి. దళిత వాడ విడిగా ఇచ్చే సమ్మతి కూడా ఉండాలి.

రైల్వే పట్టణం గురించి రాస్తూ ఒక పాత ఆశను తలచుకోకుండా ఉండలేం. రైళ్లతో వచ్చే ఆధునిక పరిశ్రమ భారతదేశంలో కులాన్ని నిలబెట్టే వంశపారంపర్య శ్రమ విభజనను కరిగిస్తుందని 1853లో మార్క్స్ రాశాడు. 1891లో నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ దాకా లైను పూర్తయి గూడ్సు బళ్లు బిలాస్‌పూర్ మీదుగా నడిచాయి. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో అణగారిన వర్గాల రైల్వే కార్మికుల సభలో అంబేద్కర్ చెప్పింది వేరు. అంటరానివాడు గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతున్నాడు. పోర్టర్ ఉద్యోగం కూడా రాదు, ఎందుకంటే పోర్టర్‌ను స్టేషన్ మాస్టర్ ఇంటి పనికి వాడుకుంటాడు. ఇంజను ఆవిరితో నడిచింది, నియామకం అంటుతో నడిచింది. ఆ తర్వాత వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా, 1943లో విద్యుత్ విధాన కమిటీ ముందు, కరెంటు ప్రభుత్వ యాజమాన్యంలో ఉండాలని, చవకగా అందాలని ఆయనే వాదించారు. ఆ రెండు ప్రసంగాలను పక్కపక్కన పెట్టి చదివిన విద్యార్థికి ఛార్జింగ్ స్టేషన్ సమస్య కొత్తగా అనిపించదు.

2024లో ప్రకటించిన పీఎం ఈ-డ్రైవ్ పథకం 10,900 కోట్లలో 2,000 కోట్లు ఛార్జింగ్ సదుపాయాలకే. లైసెన్సు లేకపోవచ్చు, సబ్సిడీ ఉంది. కోటాను తగిలించాల్సింది ఆ సబ్సిడీకి. బంకుల్లో ఉన్న 22.5, 27 శాతాలను ప్రజాధనంతో వచ్చే ప్రతి ఛార్జింగ్ స్టేషన్‌కు వర్తింపజేయాలి, భూమి లేనివారికి కార్పస్ ఫండ్ తరహాలో స్థలం చూపాలి, నిస్తార్ భూమిని తాకేముందు వాడకందారులను అడగాలి. హైదరాబాద్, విశాఖ, బిలాస్‌పూర్ విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న మన పరిశోధకులు ఈ వారమే చేయగలిగిన పని ఒకటుంది. తమ రాష్ట్రంలో ఇప్పటివరకు ఛార్జింగ్ సబ్సిడీ ఎవరికి అందింది, స్థలం ఎవరిది, లబ్ధిదారుడి సామాజిక వర్గం ఏమిటి అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టడం. వచ్చే జవాబులో ఆ మూడో కాలమ్ అసలు ఉందో లేదో ముందు చూడండి.