మాత్ర వేయాలా, వద్దా? అంతకన్నా ముందు చూడాల్సినవి

‘‘సార్, మాత్ర రాయించుకొస్తేనే స్కూల్లో ఉంచుకుంటామన్నారు.’’ మూడో తరగతి చదివే కొడుకును మా ఓపీకి తీసుకొచ్చిన ఒక తల్లి, కుర్చీలో కూర్చోకుండానే అన్న మాట ఇది. ఆ వారంలోనే ఇంకో తండ్రి వచ్చారు. ‘‘మగపిల్లాడన్నాక అల్లరి చేయడా డాక్టర్ గారూ? చిన్నప్పుడు నేనూ ఇంతే. బుర్రకు మందులు మాత్రం వద్దండి’’ అన్నారు. ఆయన కొడుకుకు పదేళ్లు. రోడ్డు మీదికి ఒక్కసారిగా పరుగెత్తి రెండుసార్లు బండి కింద పడబోయాడు. నోటు పుస్తకంలో ఏ పేజీ చూసినా నాలుగు లైన్ల దగ్గరే ఆగిపోయింది. అరచేతిలో బెత్తం వాత కనిపిస్తోంది.

ఆమెకు మాత్ర కావాలి, ఆయనకు వద్దు. కానీ పిల్లాడికి ఉన్న సమస్య ఏమిటో ఇద్దరికీ ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడీ చర్చ ఎందుకంటే, 2025 జులై 25న విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ లేదా సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఒకరైనా ఉండాలని చెప్పింది. ఇది సరిగ్గా అమలైతే, ఏకాగ్రత కుదరని పిల్లలు ఇప్పటికంటే ఎక్కువ మంది ఆసుపత్రి దాకా వస్తారు. మంచిదే. అయితే గుర్తించాక ఏం చేయాలో తల్లిదండ్రులకు, టీచర్లకు, మా డాక్టర్లకు కూడా స్పష్టత ఉండాలి.

అల్లరి వేరు, ఏడీహెచ్‌డీ వేరు

ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం కలిసిన ఈ సమస్యను ఏడీహెచ్‌డీ అంటాం. ప్రపంచవ్యాప్తంగా వంద మంది పిల్లల్లో సుమారు ఐదుగురికి ఉంటుందని అంచనా. దీన్ని తేల్చే రక్తపరీక్ష గానీ, స్కానింగ్ గానీ లేదు. లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి. పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి. ఇంట్లోనూ, బడిలోనూ, అంటే కనీసం రెండు చోట్ల కనిపించాలి. చదువుకో, స్నేహాలకో, భద్రతకో నిజంగా అడ్డుపడుతూ ఉండాలి. బడిలో మాత్రమే కుదురుండడం లేదంటే, ముందు బడి సంగతి చూడాలి.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలో 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, సెప్టెంబర్ 1 నాటి వయసును బట్టి బడిలో చేర్చుకునే రాష్ట్రాల్లో ఆగస్టులో పుట్టిన పిల్లలకు, అంటే తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లకు, సెప్టెంబర్‌లో పుట్టినవాళ్ల కన్నా ఏడీహెచ్‌డీ నిర్ధారణ మూడో వంతు ఎక్కువగా జరిగింది. మన దగ్గర ఐదేళ్లకే ఒకటో తరగతిలో కూర్చోబెట్టిన పిల్లాడిని ఆరున్నరేళ్ల పిల్లాడితో పోల్చి ‘కుదురు లేదు’ అంటున్నామేమో ఆలోచించండి.

ఇదే సమస్యలా కనిపించేవి ఇంకా ఉన్నాయి. రక్తహీనత, వినికిడి లోపం, చూపు సమస్య, నిద్రలో గురక, క్షణాలపాటు చూపు నిలిచిపోయే ఒక రకం మూర్ఛ, చదవడం రాయడంలో ఉండే లోపం. కొన్నేళ్ల కిందట ఓపీ రద్దీలో ఒక పాప విషయంలో నేనే పొరపడబోయాను. పిలిస్తే పలకదు, చెప్పింది చేయదు అంటే ఏడీహెచ్‌డీ అనుకున్నాను. చెవిలో లైటు వేసి చూస్తే రెండు వైపులా చీము. మందు కావాల్సింది చెవికి. అప్పటి నుంచి చెవి, కన్ను, హిమోగ్లోబిన్ చూడకుండా ఈ మాట ఎత్తడం లేదు.

ఏ వయసులో ఏది ముందు?

ఆరేళ్ల లోపు పిల్లలకు మాత్ర మొదటి చికిత్స కాదు. తల్లిదండ్రులకు శిక్షణే మొదటి చికిత్స. ఒకసారికి ఒక్క పనే చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, రోజూ ఒకే వేళకు పడుకోబెట్టడం, కొట్టకపోవడం నేర్పిస్తాం. ఆరేళ్లు దాటాక అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మందును, ప్రవర్తన శిక్షణను కలిపి ఇవ్వమంటుంది. బ్రిటన్ మార్గదర్శకాలు ముందు ఇంట్లో, బడిలో మార్పులు చేసి చూడమంటాయి. అప్పటికీ ఇబ్బంది తగ్గకపోతేనే మందు.

మందు పనిచేస్తుందా అంటే, చేస్తుంది. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో 579 మంది పిల్లలను 14 నెలలు గమనించారు. జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ ఇచ్చిన మందు, ఒక్క ప్రవర్తన శిక్షణ కన్నా లక్షణాలను బాగా తగ్గించింది. అయితే మూడేళ్ల నాటికి ఆ తేడా మిగల్లేదు. అంటే మందు ఇప్పటి ఇబ్బందిని తగ్గిస్తుంది, భవిష్యత్తుకు హామీ ఇవ్వదు. అందుకే మొదలుపెట్టాక ఏడాదికోసారైనా ‘ఇంకా అవసరమా?’ అని చూడాలి.

భయాల్లో నిజమెంత?

ఎక్కువగా వాడేది మిథైల్‌ఫెనిడేట్. మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉండడంతో చాలామంది ‘అలవాటు పడిపోతాడు’ అని భయపడతారు. డాక్టరు చెప్పిన మోతాదులో, పెద్దవాళ్ల చేతుల మీదుగా ఇస్తే ఆ ప్రమాదం చాలా తక్కువ. ఆకలి మందగించడం, నిద్ర ఆలస్యం కావడం, నాడి, బీపీ కాస్త పెరగడం మాత్రం నిజంగా కనిపిస్తాయి. ఎదుగుదల కొద్దిగా తగ్గవచ్చు. కాబట్టి టిఫిన్ తిన్నాకే మాత్ర ఇవ్వాలి. ఎత్తు, బరువు, బీపీ క్రమం తప్పకుండా చూడాలి. కుటుంబంలో చిన్న వయసులో గుండె ఆగి ఎవరైనా చనిపోయి ఉంటే ముందే చెప్పాలి. మరో మందు ఆటొమాక్సిటిన్ పనిచేయడానికి వారాలు పడుతుంది. అరుదుగా ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు కాబట్టి మొదట్లో పిల్లల ధోరణిని కనిపెట్టి ఉండాలి. పిల్లాడు చలాకీతనం పోయి బొమ్మలా కూర్చుంటే మందు బాగా పనిచేస్తున్నట్టు కాదు, మోతాదు ఎక్కువైనట్టు.

మందు వేయకపోవడం వల్ల జరిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రోజూ తిట్లు, దెబ్బలు, స్నేహితులు దూరం కావడం, రోడ్డు ప్రమాదాలు, ‘నేను పనికిరానివాణ్ని’ అనే నమ్మకం. వీటిని ఏ మందు చీటీ మీదా దుష్ప్రభావాలుగా రాయరు.

మన దగ్గర అసలు చిక్కు

‘ముందు ప్రవర్తన శిక్షణ’ అని చెప్పడం తేలిక. శిక్షణ ఇచ్చే సైకాలజిస్టు చాలా మండలాలకు అందుబాటులో లేరు. మిథైల్‌ఫెనిడేట్ అన్ని షాపుల్లోనూ దొరకదు. ఓపీలో మాకు ఒక్కో బిడ్డకు దక్కేది కొద్ది నిమిషాలే. అంత తక్కువ సమయంలో మాత్ర రాయడం, ‘పెద్దయితే తగ్గుతుందిలే’ అని పంపేయడం రెండూ సులభమే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాలు ఏర్పాటయ్యాయి. మీ జిల్లా ఆసుపత్రిలో వాటి గురించి అడగండి. టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇలా నిర్ణయించుకోండి

మాత్ర అవసరమని డాక్టరు చెబితే, దాన్ని నెల, రెండు నెలల పరీక్షగా తీసుకోండి. మొదలుపెట్టే ముందు మారాల్సిన మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. హోంవర్క్‌కు పట్టే సమయం, రోడ్డు మీద పరుగు, తోటి పిల్లలతో గొడవలు... ఇలా. మార్కులు ఆ జాబితాలో వద్దు. టీచరును కూడా వారానికోసారి రాయమనండి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి డాక్టరు సరిచూస్తారు. మూడింటిలో ఏదీ మారకపోతే మందు గురించీ, నిర్ధారణ గురించీ మళ్లీ మాట్లాడాలి. పిల్లాడికి కూడా విషయం చెప్పండి. శిక్షగా మాత్రను చూపించకండి.

మొదట చెప్పిన ఇద్దరు పిల్లల్లో మూడో తరగతి బాబు ఇంట్లో బాగానే ఉంటున్నాడు. పరీక్షలో తేలింది చదవడంలో లోపం. అతనికి మాత్ర రాయలేదు, బడికి ఉత్తరం రాశాను. రెండో అబ్బాయికి, తండ్రితో మూడుసార్లు మాట్లాడాక, మందు మొదలైంది. మొన్న వచ్చినప్పుడు ఆయన నోటు పుస్తకం తెచ్చి చూపించారు. పేజీ నిండింది. బరువు మాత్రం అరకిలో తగ్గింది. మధ్యాహ్నం బాక్సు సరిగా తినడం లేదన్నారు. రాత్రి భోజనం పెంచమని చెప్పి, వచ్చే నెల మళ్లీ రమ్మన్నాను.