ఐదో ఛాన్స్

కబడ్డీలో వరుసగా రెండు రెయిడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. అంటే ఎవరో ఒకరు లెక్కపెట్టాలి. మా చివ్వెంల వైపు మ్యాచుల్లో గొడవంతా అక్కడే. "రెండోదే సార్" అని ఒకడు, "కాదు, మూడోది" అని ఇంకొకడు.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లోనూ ఇదే లెక్క. అది మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తేది. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగే ఛాన్సులు. 1990 అక్టోబర్ 6న మిస్సోరీతో ఆడుతున్న కొలరాడోకి రెఫరీలు ఐదు ఇచ్చేశారు. ఆ ఐదోదానితో కొలరాడో 33-31తో గెలిచింది. రిజల్ట్ మారలేదు. మా సీఎస్ఈ వాళ్ల భాషలో ఇది ఆఫ్ బై వన్ ఎర్రర్. కౌంటర్ ఒకసారి పెంచడం మర్చిపోయారంతే.

1940లో కార్నెల్ కూడా ఇలాగే ఐదో ఛాన్స్‌తో డార్ట్‌మత్ మీద 7-3తో గెలిచింది. తర్వాత ఫిల్మ్ చూసి, గెలుపు మాకొద్దు అంది. రికార్డుల్లో ఆ మ్యాచ్ డార్ట్‌మత్‌దే, 3-0.

అంపైర్‌ని తిట్టడం ఈజీ. మన దగ్గర చాలాసార్లు ఆయన ఏదో కాలేజీ పీడీ సారే, పాపం. కానీ ఇప్పుడు ప్రతి మ్యాచ్‌నీ పది ఫోన్లు రికార్డ్ చేస్తున్నాయి. ఆ వీడియో ఓడినవాళ్లు చూపిస్తే ఏడుపంటారు. గెలిచిన కెప్టెనే చూసి చెప్పాలి. ఇంటర్ కాలేజీ కబడ్డీలో కప్పు ఇచ్చేముందు అందుకో పది నిమిషాలు పెట్టండి. సీనియర్లు నవ్వితే నవ్వనీ.