చిగుళ్లకు లేజర్: భయం వద్దు, భ్రమా వద్దు

‘ఇండియా వెళ్లినప్పుడు చూపించుకుందాంలే’ అంటూ రెండేళ్లు గడిపేశాను. బ్రష్ చేస్తే రక్తం వస్తున్నా పట్టించుకోలేదు. చివరికి ఇక్కడి డెంటిస్టు చిగుళ్లకు సర్జరీ అవసరం కావచ్చనగానే గుండె జారింది. లేజర్ గురించి ఆరా తీసింది అప్పుడే.

ల్యానాప్ అనే లేజర్ పద్ధతికి అమెరికాలో ఎఫ్‌డీఏ 2004లోనే అనుమతి ఇచ్చింది. చిగురును కోసి తెరవకుండా, పంటికీ చిగురుకీ మధ్య ఏర్పడ్డ సందులోకి సన్నని ఫైబర్ పంపి, పాడైన కణజాలాన్ని తొలగిస్తారు. పంటి వేరుకు పట్టిన గారను మాత్రం పరికరాలతో తీయాల్సిందే. సాధారణంగా కుట్లు ఉండవు, వాపు తక్కువ.

అలాగని లేజర్ మంత్రదండం కాదు. సర్జరీ కన్నా మెరుగని తేల్చి చెప్పే గట్టి ఆధారాలు లేవు. చాలామందికి డీప్ క్లీనింగే సరిపోతుంది. నాకూ దానితోనే చాలావరకు తగ్గింది. రెండు పళ్ల దగ్గరే లేజర్ చేశారు.

సందు లోతు ఎన్ని మిల్లీమీటర్లు, ఎముక ఎంత అరిగింది, ఇన్సూరెన్స్ ఎంత భరిస్తుంది అని ముందే అడగండి. తర్వాత కొన్ని నెలలకోసారి చూపించుకుంటూనే ఉండాలి. అది మూడు వారాల ఇండియా సెలవులో తీరే పని కాదు. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఆగొద్దు. అరిగిన ఎముక మన టికెట్ల కోసం ఎదురుచూడదు.