వెర్నర్‌కి సీటొచ్చింది

హిట్లర్ కాలం నాటి జర్మనీ మీద వచ్చిన నవలలు ఈమధ్య మన పిల్లల చేతుల్లో కనిపిస్తున్నాయి. కొన్ని ఇంగ్లీష్ టీచర్లు చెప్పినవి, కొన్ని సినిమా చూశాక పిల్లలే అడిగి తెప్పించుకున్నవి. మంచిదే. అయితే ఏ పుస్తకం ముందు ఇస్తున్నామన్నది తల్లిదండ్రులుగా మనం కాస్త ఆలోచించాలి.

చాలామంది మొదట కొనేది జాన్ బోయిన్ 2006లో రాసిన ‘ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పైజమాస్’. నా ఓటు దానికి కాదు. అందులో బ్రూనో తొమ్మిదేళ్ల పిల్లాడు. తండ్రి ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి అధిపతి. అయినా ఆ కంచె అవతల ఏం జరుగుతోందో పిల్లాడికి బొత్తిగా తెలియదు. నిజానికి ఆ రోజుల్లో యూదులంటే ద్వేషం స్కూలు పాఠాల్లోనే ఉండేది. పదేళ్లు నిండితే హిట్లర్ యువజన దళంలో చేరాల్సిందే. అలాంటి దేశంలో ఒక నాజీ అధికారి కొడుకు ఇంత అమాయకుడంటే నమ్మలేం. ఆష్విట్జ్ మ్యూజియం వాళ్లే 2020లో, ఆ చరిత్ర చదివేవాళ్లు, చెప్పేవాళ్లు ఈ పుస్తకం జోలికి పోవద్దన్నారు. చదివిన పిల్లలు ఏడుస్తారు. ‘పాపం, వాడికేం తెలుసు’ అనుకుని పుస్తకం మూసేస్తారు. తనను తాను ప్రశ్నించుకోవాల్సిన అవసరం రాదు.

హాన్స్ పీటర్ రిక్టర్ 1961లో జర్మన్‌లో రాసిన నవల ఇంగ్లీషులో ‘ఫ్రెడ్రిక్’ పేరుతో దొరుకుతుంది. కథ చెప్పే కుర్రాడికి పేరే ఉండదు. పై వాటాలో ఉండే యూదు కుర్రాడు ఫ్రెడ్రిక్ వాడి స్నేహితుడు. ఇద్దరూ 1925లో వారం తేడాతో పుట్టారు. తండ్రి ఉద్యోగం కోసం నాజీ పార్టీలో చేరతాడు. 1938లో యూదుల ఇళ్ల మీద దాడులు జరిగిన రోజున ఈ కుర్రాడు గుంపు వెనకాలే నడుస్తాడు. చేతికో చిన్న సుత్తి దొరుకుతుంది. ఒక అద్దం పగలగొడతాడు, తర్వాత ఇంకోటి. సరదాగా ఉంటుంది. అలసిపోయాక అసహ్యం వేస్తుంది. ఇంటికొస్తే అదే గుంపు ఫ్రెడ్రిక్ వాళ్ల ఇంటిని పగలగొడుతూ ఉంటుంది.

ఈ ఘట్టం కోనసీమలో చదివితే వేరుగా ఉంటుంది. 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మనందరికీ తెలుసు. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద మొదలైన నిరసన ఇళ్లు తగలబెట్టేదాకా పోయింది. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ల తల్లిదండ్రులు కోర్టుల చుట్టూ తిరిగారు. దీన్ని జర్మనీతో సమానం చేయడం లేదు. అక్కడ ప్రభుత్వమే లక్షల మందిని చంపించింది. నేనంటున్నది ఆ సుత్తి సంగతి. మామూలు ఇంటి పిల్లాడి చేతికి అది ఎంత తేలిగ్గా వస్తుందో రిక్టర్ చెప్పినట్టు ఏ పెద్దమనిషీ చెప్పలేడు. కులం గురించి ఇంట్లో మనం ఎలా మాట్లాడుతున్నామో పిల్లలు వింటూనే ఉంటారు కూడా.

ఇక మన స్కూలు తల్లిదండ్రులు తప్పక చదవాల్సింది ఆంథొనీ డోర్ 2014లో రాసిన ‘ఆల్ ది లైట్ వి కెనాట్ సీ’. పెద్ద పుస్తకం, పదో తరగతి దాటినవాళ్లకే సరిపోతుంది. వెర్నర్ అనాథ. తండ్రి బొగ్గుగనిలో చనిపోయాడు, పదిహేనేళ్లు రాగానే వాడూ గనిలోకి దిగాల్సిందే. కానీ రేడియోలు బాగుచేయడంలో దిట్ట. ప్రవేశపరీక్ష రాస్తాడు, నాజీల ఎలైట్ స్కూల్లో సీటొస్తుంది. వేటకెళ్లే పడవ తన బిడ్డకు వద్దనుకునే అంతర్వేది తండ్రికి, గల్ఫ్ నుంచి నెలనెలా ఫీజు పంపే రాజోలు తల్లికి ఆ సీటు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ స్కూల్లో ఒక చలిరాత్రి, కట్టేసి ఉంచిన ఖైదీ మీద బకెట్లతో నీళ్లు పోయమంటారు. వెర్నర్ స్నేహితుడు ఫ్రెడరిక్ పోయనంటాడు, బకెట్టు నేలమీద ఒంపేస్తాడు. వెర్నర్ పోస్తాడు. తర్వాత స్నేహితుణ్ని చితకబాదుతుంటే ఊరుకుంటాడు. వాడు చెడ్డవాడు కాదు. చెప్పింది చేసే తెలివైన విద్యార్థి. మనం ఇళ్లలో, ఈ స్కూలు క్లాసుల్లో తయారుచేస్తున్నదీ అలాంటి పిల్లల్నే. అందుకే వాడి కథ చదువుతుంటే నాకు భయమేసింది.

మార్కస్ జుసాక్ ‘ది బుక్ థీఫ్’ 2005లో వచ్చింది. అందులో లీసెల్ అందరికీ నచ్చుతుంది, ఆ పిల్ల గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నాకు ముఖ్యం పక్కింటి రూడీ. చదువులో, ఆటల్లో వాడు ముందున్నాడని ప్రత్యేక పాఠశాలకు తీసుకెళ్లడానికి ఇద్దరు అధికారులు ఇంటికొస్తారు. తల్లిదండ్రులు ‘పంపం’ అంటారు. అందుకు శిక్షగా తండ్రిని సైన్యంలోకి లాగేస్తారు. వెర్నర్‌కి అలా అడ్డుపడే అమ్మానాన్నా లేరు. వద్దన్నది చెల్లెలు జుట్టా ఒక్కతే, ఆమె మాట చెల్లలేదు.

పోయినసారి పేరెంట్స్ మీటింగ్‌లో నేను ర్యాంకుల గురించి అడిగాను, మీరూ అడిగారు. ఈసారి లైబ్రరీకి ‘ఫ్రెడ్రిక్’ కాపీలు కొన్ని తెప్పించమని అడుగుదాం. చిన్న పుస్తకమే, సంక్రాంతి సెలవుల్లో పిల్లలతోపాటు మనమూ చదివేయొచ్చు. సుత్తి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం పేజీ తిప్పేయకండి. అక్కడ పిల్లలు ఏమంటారో వినండి, మనకు నచ్చని మాటైనా సరే.