తిరిగి వచ్చే పన్ను, ముందే ఆగవలసిన కోత

ఆదాయపు పన్ను శాఖ నుండి బ్యాంకు ఖాతాలో సొమ్ము జమ అయినదన్న కబురు అందిన నాడు మన అధ్యాపకుల గదిలో కానవచ్చే సంతోషం చూడముచ్చటగా ఉంటుంది. ప్రభుత్వం దయతలచి బహుమానం పంపినట్లు చాయ్, సమోసాలు తెప్పించేవారు కూడా కలరు. ఆ సంతోషాన్ని భంగపరచడం మా ఉద్దేశం కాదు. అయితే ఆ సొమ్ము ఎవరిది? ఏడాది పొడవునా వారి జీతం నుండి అవసరానికి మించి కోసిన వారి సొమ్మే గదా! తన జేబులోని రూపాయి ఊరంతా తిరిగి పదిహేను నెలలకు తన జేబులోకే చేరితే దానిని లాభమని ఎట్లా అనగలం?

జీతం మీద పన్నును యజమానియే ముందుగా కోసి ఖజానాకు కట్టవలెనన్నది మన దేశంలో చిరకాలంగా ఉన్న పద్ధతి. ఉద్యోగికి ఆ సంవత్సరం మొత్తం మీద రాగల ఆదాయాన్ని అంచనా వేసి, దానిపై పడే పన్నును లెక్కగట్టి, ఆ మొత్తాన్ని నెలలకు పంచి కోయాలి. కోత హెచ్చయినా తగ్గినా అదే సంవత్సరంలో మిగిలిన నెలలలో సవరించుకునే అధికారం యజమానికి చట్టమే ఇచ్చింది. ఈ చివరి సంగతి చాలామందికి తెలియదు. తెలిసిన గుమాస్తాలు కూడా పని పెరుగునని చెప్పరు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టానికి 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా నిర్ణయించారు. సెక్షన్ల అంకెలు మారినవి గనుక వాటి జోలికి మేము పోవడం లేదు. కోత పద్ధతి మాత్రం మారలేదు.

ఫిబ్రవరి నెల అనగానే తెలుగు రాష్ట్రాలలోని ఉపాధ్యాయ కుటుంబాలకు గుండె గుభేలుమంటుంది. పన్ను లెక్కల పత్రం జతపరచనిదే ఆ నెల జీతం బిల్లు కదలదు. అంతవరకు నామమాత్రంగా కోసినవారికి మిగిలిన పన్నంతా ఒక్క దెబ్బకు పోతుంది. ఏ వివరమూ అడగకుండా మొదటి నుండి ఎడాపెడా కోసినవారికి మరుసటి సంవత్సరం రిఫండు కోసం ఎదురుచూపు తప్పదు. రెండింటికీ మూలం ఒక్కటే. ఏప్రిల్‌లో అడగవలసిన ప్రశ్నలు జనవరిలో అడుగుతున్నారు.

ఏప్రిల్‌లో అడగవలసినవి ఏమంత కష్టమైనవి కావు. పాత విధానమా, కొత్త విధానమా అన్నది మొదటిది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుండి, నోరు విప్పనివారు కొత్త విధానంలో ఉన్నట్లే లెక్క. తాము కాపురముంటున్న ఇంటి అప్పుపై వడ్డీ, భవిష్యనిధి పొదుపు, విరాళాలు మొదలైనవాటికి మినహాయింపు కోరేవారు ఆ మాట ముందే చెప్పకపోతే కోత అధికమవుతుంది. ఇతర ఆదాయాల మీద ఇప్పటికే కోసిన పన్ను ఎంత అన్నది రెండవది. బ్యాంకు వారు డిపాజిట్ల వడ్డీ మీద కోసిన పన్నును యజమానికి తెలియజేసి, ఆ మేరకు జీతం మీది కోతను తగ్గించుకునే సౌకర్యం 2024 అక్టోబరు 1 నుండి లభించింది. దీనిని వాడుకున్నవారు మాకు తారసపడినది బహు స్వల్పం. 2025-26 నుండి కొత్త విధానంలో 12 లక్షల రూపాయల వరకు మామూలు ఆదాయం మీద పన్ను కట్టనక్కరలేదు. జీతగాండ్రకు 75 వేల ప్రామాణిక తగ్గింపు కూడా ఉన్నది. ఆ హద్దుకు లోపల ఉన్న ఉద్యోగి జీతంలో ఇంకా కోత కనబడితే, దానికి కారణమేమో లెక్కల విభాగం చెప్పవలసి ఉన్నది.

మన పెద్దలు కర్జె హసన గురించి చెప్పగా వింటూనే ఉన్నాము. వడ్డీ ఆశించక, అవసరంలో ఉన్నవాడికి ఇచ్చే మంచి అప్పు అది. అధికంగా కోసిన పన్ను చూడబోతే అటువంటిదే గాని, అప్పు ఇచ్చేవాడి సమ్మతి మాత్రం అందులో లేదు. పైగా అవసరంలో ఉన్నవాడు ఇక్కడ అప్పు ఇచ్చేవాడే. రిఫండు మీద నెలకు అర శాతం వడ్డీ ప్రభుత్వం ఇస్తున్నదని కొందరు సమర్థిస్తారు. గడువులోగా రిటర్ను వేసినవారికి ఆ వడ్డీ మరుసటి ఏప్రిల్ నుండి మొదలవుతుంది. అంటే మే నెలలో కోసిన సొమ్ముకు మార్చి వరకు ఏమీ రాదు. తిరిగి రావలసినది మొత్తం పన్నులో పదో వంతుకు తక్కువైతే అసలే రాదు. మనం పన్ను తక్కువ కట్టినప్పుడు వారు వసూలు చేసే వడ్డీ నెలకు ఒక శాతం. సరే, వడ్డీ సొమ్ము ముట్టడం ధర్మం కాదని తలచేవారు మనలో ఎందరో ఉన్నారు. కోత సరిగా ఉంటే వారికి ఆ ఇబ్బందియే రాదు.

ఇంతవరకు చెప్పినది స్థిరమైన జీతం గలవారి మాట. మమ్మల్ని ఈ వ్యాసానికి పురికొల్పినది మాత్రం పార్ట్‌టైం అధ్యాపకుల స్థితి. నెలకు 20 వేల రూపాయల మీద పది నెలలు పాఠాలు చెప్పే ఉర్దూ ఉపన్యాసకుడినో, గణితం చెప్పే యువతినో ఊహించుకోండి. ఏడాదికి 2 లక్షలు. 2025-26 నుండి కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్ను పరిధియే మొదలుకాదు. అయినా కొన్ని కళాశాలలు వారికి ఇచ్చేది జీతం కాదని, వృత్తి రుసుమని రాసుకొని నూటికి పది చొప్పున కోస్తాయి. వృత్తి రుసుము సంవత్సరానికి 50 వేలు దాటితే ఆ కోత వర్తిస్తుంది; 2025 ఏప్రిల్‌కు ముందు ఆ హద్దు 30 వేలే. ఆ లెక్కన 20 వేలు పోతాయి. ఒక నెల కష్టం! పాన్ నంబరు ఇవ్వకపోతే కోత నూటికి ఇరవై.

ఆ పదీ తిరిగి రావాలంటే పన్ను పడని ఆ మనిషి రిటర్ను వేయాలి. బ్యాంకు ఖాతాను శాఖవారి పోర్టల్‌లో ముందుగా ధ్రువీకరించుకోవాలి. కోసిన సొమ్మును కళాశాల వాస్తవంగా ఖజానాకు కట్టి, సరియైన పాన్ నంబరుతో వివరాలు పంపి ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా సొమ్ము ఆగుతుంది. 15జి అని అందరూ పిలిచే పత్రం ఇస్తే చాలునని సలహా చెప్పేవారు కలరు. బ్యాంకు వడ్డీ వంటివాటికే గాని వృత్తి రుసుముకు ఆ పత్రం చెల్లదు. పన్ను అధికారి నుండి తక్కువ కోతకు ధ్రువపత్రం తెచ్చుకోవచ్చును. కాని 20 వేల రూపాయల ఉపన్యాసకుడు ఆ మార్గం పట్టిన దాఖలా మాకు కనబడలేదు. రిటర్ను వేయడానికి వెయ్యి రూపాయలు అడిగే మనిషి వద్దకు వెళ్లేకన్నా ఆ సొమ్మును వదులుకోవడమే మేలని తలచినవారిని మాత్రం చూచినాము.

జీతమా, రుసుమా అన్నది పాలకవర్గం ఇష్టాన్ని బట్టి నిర్ణయమయ్యేది కాదు. ఉన్న సంబంధాన్ని బట్టి నిర్ణయమవుతుంది. కాలపట్టిక కళాశాలదే, హాజరు పట్టీ కళాశాలదే, ప్రిన్సిపాల్‌గారి పర్యవేక్షణ ఉన్నదే. అటువంటప్పుడు వారిని ఉద్యోగులుగా ఎంచి, జీతంగానే లెక్కవేయడం సబబు కాదా? అట్లా లెక్కవేస్తే వారిలో అనేకులకు కోత సున్న అవుతుంది. జీతమని రాస్తే రేపు భవిష్యనిధి, సెలవులు అడుగుతారేమోనన్న భయం ఇందులో దాగి ఉన్నదని మా అనుమానం. ఆ భయమే కారణమైతే దానిని బాహాటంగా చర్చించవలసినది. పన్ను పుస్తకాల చాటున దాచుట తగదు.

విద్యార్థులకు ఒక మాట. డిగ్రీ చేతబట్టుకొని నవంబరులో హైదరాబాదులో ఉద్యోగంలో చేరేవారు, మార్చి వరకు రాగల జీతం మీదనే పన్ను లెక్క వేయించుకోవాలి. పన్నెండు నెలల జీతం మీద కాదు. సంవత్సరం నడుమ ఉద్యోగం మారితే పాత జీతం సంగతి కొత్త యజమానికి చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరూ మినహాయింపులు ఇచ్చి, చివరకు బాకీ మీ మెడకు చుట్టుకుంటుంది. అమెరికా చేరిన మన పూర్వ విద్యార్థులు ఉద్యోగంలో చేరిన నాడే డబ్ల్యూ-4 అనే పత్రం నింపుతారు. కోత ఎంత ఉండవలెనో దాని ద్వారా వారే తెలియజేస్తారు. పెళ్లి అయినా, బిడ్డ పుట్టినా కొత్త పత్రం ఇచ్చి మార్చుకుంటారు. అక్కడ జీతం మీద ఈ తరహా కోత 1943 నుండి సాగుతున్నది. ఇకపోతే, కమీషను తీసుకొని పెద్ద రిఫండు తెప్పిస్తామనే దళారులకు దూరంగా ఉండండి. చేయని విరాళాలు చూపిన వ్యవహారాల మీద 2025 జూలైలో శాఖవారు దేశంలో దాదాపు 150 చోట్ల సోదాలు జరిపారు. ఆదాయాన్ని తప్పుగా చూపినట్లు తేలితే ఎగవేసిన పన్నుకు రెట్టింపు జరిమానా పడవచ్చును. దళారి కమీషను తిరిగి ఇవ్వడు.

పాలకవర్గానికి మా విన్నపం స్వల్పమైనది. ప్రతి ఏప్రిల్‌లో బోధనా సిబ్బందికి, బోధనేతర సిబ్బందికి ఉర్దూ, తెలుగు భాషలలో ఒకే పుట పత్రం అందజేయాలి. ఏ విధానం ఎంచుకున్నదీ, ఇతరత్రా ఎంత పన్ను కోసినదీ, పాన్ నంబరు సరిగా ఉన్నదీ లేనిదీ అందులో రాసి ఇస్తారు. డిసెంబరులో మరొకసారి లెక్క సరిచూచి, అధికమైనదానిని మిగిలిన నెలలలో తగ్గించాలి. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఆచార్యుల పర్యవేక్షణలో ఆ పత్రాలు నింపడానికి తోడ్పడగలరు. పుస్తకంలో చదివిన పాఠం చేతికి వస్తుంది. పార్ట్‌టైం అధ్యాపకుల విషయం వచ్చే సమావేశపు కార్యక్రమంలో చేర్చి, వారిలో ఇద్దరిని పిలిచి వారి ఎదుటనే చర్చించాలని కోరుతున్నాము.